నెలనెలా విరేచనాలు పట్టే కుక్కకు ప్రోబయోటిక్ పొడి సరిపోతుందా?

మీ రెండేళ్ల లాబ్రడార్‌కు గత ఎనిమిది నెలల్లో అయిదుసార్లు విరేచనాలు పట్టుకున్నాయనీ, ప్రతిసారీ మందుల షాపులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ తెచ్చి మూడు నాలుగు రోజులు వేస్తే తగ్గుతోందనీ, కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతోందనీ రాశారు. ఇంట్లో ఉన్న పిల్లికి కూడా మలం మెత్తగా వస్తోందన్నారు. రెండింటికీ కలిపి ఏ ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు ఉండే) పొడి మంచిదో చెప్పమన్నారు, పెరుగన్నం పెడితే సరిపోదా అని కూడా అడిగారు. విజయవాడలో ఇరవై మూడేళ్లుగా కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తున్నవాడిగా జవాబు రాస్తున్నాను. పొడి పేరు ఒక్క మాటలో చెప్పవచ్చు కాని, దానివల్ల మీ కుక్క కష్టం తీరుతుందని నేను అనుకోవడం లేదు. పేగుల్లోకి కొత్త బాక్టీరియాను ఎలా పంపాలి అన్నదాని కంటే, అక్కడ ఉన్నవాటిని పదేపదే ఏది చెదరగొడుతోంది అన్నది ముందు తేలాలి. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే, చెదరగొడుతున్నవాటిలో ఆ మెట్రోనిడజోల్ కూడా ఒకటి.

కుక్క చిన్నపేగు మొదటి భాగంలో బాక్టీరియా తక్కువగానే ఉంటుంది. జీర్ణకోశంలోని ఆమ్లం, పైత్యరసం, పేగుల కదలిక దాన్ని పెరగనివ్వవు. పెద్దపేగుకు వచ్చేసరికి ఒక్క గ్రాము మలంలో వంద కోట్ల నుంచి పది వేల కోట్ల దాకా సూక్ష్మజీవులు ఉంటాయి. చిన్నపేగులో అరగకుండా మిగిలిన పీచుపదార్థాన్ని ఇవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం ఆ బ్యూటిరేటే. అంటే కుక్క తిన్న గుమ్మడికాయ ముక్కలోని పీచు కుక్కకు నేరుగా పనికిరాకపోయినా, బాక్టీరియా చేతిలో పడి, పేగు గోడకు అన్నంగా మారుతుంది.

విరేచనాల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన పని పైత్యరసానికి సంబంధించినది. కాలేయం నుంచి వచ్చే ప్రాథమిక పైత్య ఆమ్లాలలో ఎక్కువ భాగం చిన్నపేగు చివర తిరిగి రక్తంలోకి పోతుంది, కొద్దిగా పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ క్లాస్ట్రీడియం హిరనోనిస్ అనే బాక్టీరియా (ఈమధ్య దీనికి పెప్టాసిటోబాక్టర్ అని ఇంటిపేరు మార్చారు) వాటిని ద్వితీయ పైత్య ఆమ్లాలుగా మారుస్తుంది. ఈ. కొలై, క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ వంటివి హద్దుమీరి పెరగకుండా ఆపేవాటిలో ఈ ద్వితీయ ఆమ్లాలు ముఖ్యమైనవి. హిరనోనిస్ తగ్గిపోయిన పేగులో రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. మారకుండా మిగిలిపోయిన ప్రాథమిక ఆమ్లాలు పెద్దపేగులోకి నీటిని రప్పించి మలాన్ని పలచన చేస్తాయి, వెనక్కి తగ్గి ఉండవలసిన బాక్టీరియాకు అదుపు లేకుండా పోతుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన డిస్‌బయోసిస్ ఇండెక్స్ అనే మల పరీక్ష మొత్తం బాక్టీరియాతో పాటు ఏడు రకాలను విడివిడిగా కొలుస్తుంది. ఆ ఏడింటిలో హిరనోనిస్ ఒకటి. ఫలితం సున్నా కంటే తక్కువ ఉంటే సమతౌల్యం బాగున్నట్టు, రెండు దాటితే చెదిరినట్టు లెక్క.

ఇక్కడ ఒక మాట కలపాలి. మనుషుల పేగుల గురించి చదివినదాన్ని కుక్కకు అన్వయించకండి. ఫ్యూసోబాక్టీరియా అనే వర్గానికి మనుషుల్లో పెద్దపేగు కాన్సర్‌తో సంబంధం ఉందని వైద్యులు గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క పేగులో అదే వర్గం పుష్కలంగా ఉంటుంది, విరేచనాలు పట్టిన కుక్కలో తగ్గిపోతుంది.

మెట్రోనిడజోల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరే కాదు, నేనూ వృత్తిలో తొలి పదేళ్లు ప్రతి విరేచనాల కేసుకూ అదే రాశాను. పెద్ద కుక్కలో హఠాత్తుగా వచ్చే మామూలు విరేచనాలు మందు లేకపోయినా కొద్ది రోజుల్లో, చాలావరకు వారంలోపే తగ్గిపోతాయి. మనం మొదటిరోజు మాత్ర వేస్తాం, నాలుగో రోజున మలం గట్టిపడుతుంది, ఘనత మాత్రకు దక్కుతుంది. ఆ మాత్ర ప్రాణవాయువు లేనిచోట బతికే బాక్టీరియాను చంపుతుంది. హిరనోనిస్, ఫ్యూసోబాక్టీరియా రెండూ అక్కడ బతికేవే. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు పద్నాలుగు రోజులు ఈ మందు ఇచ్చి టెక్సాస్ ఏ అండ్ ఎం బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మందు ఆపిన నాలుగు వారాలకు కూడా కొన్ని రకాల బాక్టీరియా పూర్వస్థితికి రాలేదు. జబ్బే లేని కుక్కల్లో ఇలా జరిగినప్పుడు, ఎనిమిది నెలల్లో అయిదుసార్లు ఈ మందు వేసుకున్న మీ కుక్క పేగు ఒకసారి కోలుకునేలోపే మళ్లీ దెబ్బతింటూ వచ్చిందని నేను భావిస్తున్నాను. యూరప్‌లోని పశువైద్య నిపుణుల బృందం ఎనోవాట్ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు, కుక్కల్లో స్వల్ప, మధ్యస్థ స్థాయి విరేచనాలకు యాంటీబయోటిక్ వద్దని స్పష్టంగా చెబుతున్నాయి. జ్వరం, తీవ్రమైన నీరసం ఉండి, రక్తంలోకి బాక్టీరియా చేరిందన్న అనుమానం కలిగినప్పుడు యాంటీబయోటిక్ తప్పనిసరి. అది డాక్టరు పరీక్షించి తేల్చవలసిన విషయం. మోతాదు ఎక్కువైనా, ఎక్కువ రోజులు వాడినా ఈ మందు మెదడుపై ప్రభావం చూపి, కుక్క తూలిపోవడం, కళ్లు అదరడం వంటి లక్షణాలు తెస్తుంది. మనుషుల మాత్రను అంచనాగా విరిచి వేయడం అందుకే ప్రమాదకరం.

మెట్రోనిడజోల్ వేస్తే తగ్గి మళ్లీ రావడంలో మరొక సూచన కూడా ఉంది. జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవిపై ఈ మందు అరకొరగా మాత్రమే పనిచేస్తుంది. కొన్ని రోజులు అణిగి, తరువాత తిరిగి లేస్తుంది. పైగా దాని సిస్టులు (గట్టి పొరతో ఒంటి బయట కూడా బతికే రూపాలు) కుక్క వెనుక కాళ్ల వెంట్రుకలకు, పడుకునే గోనెకు, నీళ్ల గిన్నెకు అంటుకొని ఉంటే, కడుపులో చచ్చినా బయటి నుంచి మళ్లీ లోపలికి పోతుంది. కాబట్టి నా మొదటి కోరిక మల పరీక్ష. సిస్టులు ప్రతిరోజూ బయటికి రావు గనుక ఒక్క నమూనా చాలదు. మూడు వేరువేరు రోజుల నమూనాలను జింక్ సల్ఫేట్‌తో తేల్చి చూడాలి, లేదా యాంటిజెన్ పరీక్ష చేయించాలి. కొంకిపురుగులు, ఏలికపాములు, విప్‌వార్మ్ గుడ్లు కూడా ఆ తేల్చి చూసే పరీక్షలో కనబడతాయి. వీధికుక్కలు తిరిగే చోట మట్టి వాసన చూస్తూ నడిచే కుక్కకు ఇవి సోకడం సర్వసాధారణం. జియార్డియా తేలితే డాక్టరు ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు రాస్తారు. ఆ కోర్సు చివరి రోజున కుక్కకు స్నానం చేయించి, గోనెను మార్చి, నేలను కడిగి ఆరనివ్వకపోతే మందంతా వృథా.

పురుగులు లేవని తేలితే తిండి వైపు చూడాలి. దీనిమీదే ఎక్కువ చెప్పదలచుకున్నాను. మీ కుక్క ఒక నెలలో ఏమేమి తింటోందో మీకు పూర్తిగా తెలిసి ఉండదు. ఉదయం నాయనమ్మ వేసే బిస్కెట్టు, ఆదివారం మాంసం కూరలోని కొవ్వు, ఎముక, పనిమనిషి పిల్లవాడు పెట్టే చిప్స్, ఎండాకాలం మధ్యాహ్నమంతా గిన్నెలో నానుతూ పులిసిపోయిన అన్నం, ఇవన్నీ కలిపితే గాని దాని అసలు ఆహారం తెలియదు. సోమవారం వచ్చిందంటే విరేచనాలతో నా దగ్గరికి వచ్చే ఒక లాబ్రడార్ ఉండేది. ఇంట్లో అందరూ మేమేమీ పెట్టలేదనే అన్నారు. నెల రోజులపాటు ఎవరు ఏమి పెట్టినా వంటగదిలోని ఒక కాగితంపై రాయమన్నాను. రెండో వారానికే ఆదివారపు బిర్యానీ మిగులు బయటపడింది. మీరు కూడా ఆ కాగితం పెట్టండి. కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి విరేచనాల సంగతి అటుంచి రక్తకణాలనే దెబ్బతీస్తాయి, పిల్లిలో మరింత తేలికగా.

పెరుగన్నం గురించి అడిగారు. కుక్కకు అన్నం అరగదన్న మాట తప్పు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో నేచర్ పత్రికలో చూపినట్టు, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువుకు తోడేలుతో పోలిస్తే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులు ఉన్నాయి. మనిషి పంచన చేరిన జంతువు మనిషి తిండికి అలవాటు పడింది. తోడుపెట్టినప్పుడు పాలలోని లాక్టోజ్‌లో కొంత ఖర్చయిపోతుంది కాబట్టి రెండు చెంచాల పెరుగు పెద్ద కుక్కకు సాధారణంగా ఇబ్బంది పెట్టదు. కాని ఇంటి పెరుగులోని బాక్టీరియా కుక్క పేగులో నిలదొక్కుకోదు, దాటిపోతుంది. దాన్ని మందుగా భావించవద్దు. మూడు పూటలా పెరుగన్నమే పెడితే మాంసకృత్తులు, ఖనిజాలు చాలవు. విరేచనాలు ఉన్న రెండు మూడు రోజులు కొవ్వు, చర్మం, ఎముక తీసి ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తటి అన్నంతో కలిపి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పూర్తిగా పస్తు ఉంచే పాత పద్ధతిని నేను వదిలేశాను, ఎందుకంటే పేగు పొరకు ఆహారం లోపలి నుంచే అందాలి.

ఇలా సర్దుకున్నాక కూడా విరేచనాలు తిరిగి వస్తే అసలైన ఆహార పరీక్ష పెట్టాలి. మూడు వారాలకు మించి ఉండే, లేదా పదేపదే తిరిగి వచ్చే పేగు జబ్బు ఉన్న కుక్కల్లో సగానికి పైగా కేవలం తిండి మార్పుతోనే బాగుపడతాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్య పరిశోధకులు 2019లో ప్రచురించిన పనిలో, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారంతో బాగుపడిన కుక్కల్లో ద్వితీయ పైత్య ఆమ్లాలు తిరిగి పెరిగాయి. బాక్టీరియాను బయటి నుంచి పోయలేదు. తిండి మారింది, లోపలి లోకం తనంతట తాను సర్దుకుంది. నా మాటకు ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి లేదు. అటువంటి హైడ్రోలైజ్డ్ ప్యాకెట్ ఫుడ్ ఖరీదైనది. కొనలేనివారికి, ఆ కుక్క ఇంతవరకు తినని మాంసాన్ని ఎంచుకోమంటాను. మన దగ్గర ఇంటి తిండిలోనూ ప్యాకెట్‌లోనూ ఎక్కువగా కోడే ఉంటుంది కాబట్టి, ముళ్లు పూర్తిగా తీసిన చేప, అన్నం చాలామందికి కుదురుతుంది. పాత తిండిని ఐదారు రోజుల్లో క్రమంగా తగ్గిస్తూ కొత్తదానికి రావాలి, ఆ తరువాత రెండు వారాలు మరొకటేదీ నోటికి తగలకూడదు. ఫలితం ఆ రెండు వారాల్లోనే చాలావరకు తెలిసిపోతుంది. పనిచేసిందని తేలితే, ఆ వంటకాన్ని ఏళ్ల తరబడి పెట్టే ముందు కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టరుతో లెక్క వేయించుకోవాలి.

విరేచనం తీరును కూడా గమనించండి. రోజుకు ఏడెనిమిదిసార్లు కొంచెం కొంచెంగా, జిగటతో, ఒక్కోసారి ఎర్రటి చారలతో, ముక్కుతూ వెళుతుంటే తేడా పెద్దపేగులో ఉంది. అటువంటప్పుడు ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు గాని, నీళ్లలో నానబెట్టిన ఇసబ్‌గోల్ గాని తిండిలో కలిపితే మంచి గుణం కనిపిస్తుంది. రెండు మూడుసార్లే అయినా ఎక్కువ మొత్తంలో, నీళ్లగా, దుర్వాసనతో వెళుతూ కుక్క బరువు తగ్గుతుంటే తేడా చిన్నపేగులోనో క్లోమంలోనో ఉంటుంది. పీచుతో అది పోదు. అటువంటి కుక్కకు రక్తంలో బి12, క్లోమం పనితీరు తెలిపే టీఎల్ఐ, అడ్రినల్ గ్రంథి కోసం కార్టిసాల్ చూడాలి. అడ్రినల్ లోపం ఏళ్ల తరబడి వచ్చిపోయే విరేచనాల రూపంలోనే దాగి ఉండి, ఒకరోజు హఠాత్తుగా కుక్కను కూలదోస్తుంది. నేను ఆ పరీక్ష ఆలస్యంగా చేయించి విచారించిన సందర్భాలు ఉన్నాయి.

ఇక పిల్లి. దానిని చిన్న కుక్కగా చూడవద్దు, కుక్కకు రాసిన ఆహారాన్ని దానికి పెట్టవద్దు. పిల్లి పూర్తి మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని కావలసినంత సొంతంగా తయారుచేసుకోలేదు, మాంసం నుంచే పొందాలి. పైగా పిల్లి కాలేయం పైత్య ఆమ్లాలను టారిన్‌తో మాత్రమే జోడిస్తుంది, పేగులోని బాక్టీరియా ఆ టారిన్‌లో కొంత విడగొట్టి నాశనం చేస్తుంది, ఆ నష్టం రోజూ తిండితో పూడాలి. టారిన్ లోపంతో పిల్లుల గుండె కండరం పలచబడి విఫలమవుతుందని 1987లో సైన్స్ పత్రికలో వెలువడ్డాకే ప్యాకెట్ ఆహార తయారీదారులు అందులో టారిన్ మోతాదు పెంచారు. పాలన్నం, పెరుగన్నం మీద పెంచే పిల్లికి ఈ ప్రమాదం ఇప్పటికీ ఉంది. మీ పిల్లికి పాలు పోస్తున్నట్టయితే, ఎటువంటి మందు వేయక ముందే అవి ఆపి పది రోజులు చూడండి. ఎదిగిన పిల్లికి లాక్టోజ్ సరిగా అరగదు, అరగని చక్కెరను పెద్దపేగు బాక్టీరియా పులియబెడుతుంది, గాలి, పలుచని మలం రెండూ అక్కడి నుంచే వస్తాయి. చిన్న పిల్లికూన అయితే ట్రైట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం కూడా చూడాలి, దానిమీద మెట్రోనిడజోల్ పనిచేయదు. వయసు మళ్లిన పిల్లి తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్, మూత్రపిండాలు, పేగుల వాపు, లింఫోమా అనే కాన్సర్ చూడక తప్పదు. పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి, లావుగా ఉన్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది.

ప్రోబయోటిక్ అసలు వద్దని నేను అనడం లేదు. అది ఏ జాతి, ఏ రకం అన్నదానిపై ఫలితం ఆధారపడుతుంది. ఎంటరోకోకస్ ఫీషియం ఎస్ఎఫ్68 అనే రకాన్ని ఒక జంతు సంరక్షణ కేంద్రంలో పరీక్షించి 2011లో ప్రచురించారు. అది తిన్న పిల్లుల్లో రెండు రోజులు గాని అంతకంటే ఎక్కువ గాని విరేచనాలు పట్టినవి తక్కువ, కుక్కల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాంటీబయోటిక్ తప్పనిసరైన సమయంలో సాక్రోమైసిస్ బౌలార్డి ఇవ్వడానికి నేను మొగ్గు చూపుతాను. అది ఈస్టు కాబట్టి ఆ మందు దాన్ని చంపదు. పిల్లల కోసం అమ్మే నమిలే మాత్రలు, తీపి ప్రోబయోటిక్‌లు కుక్కకు ఎన్నడూ వేయవద్దు. వాటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతింటుంది. ఏ పొడి కొన్నా గడువు తేదీ చూసి, మన ఎండలకు వంటగది అలమరలో కాకుండా చల్లని చోట దాచండి, లేకపోతే లోపల బతికి ఉండేవి కొన్నే.

మంచి బాక్టీరియా కోసమని పచ్చి కోడిమాంసం పెట్టమని మీకు ఎవరో సలహా ఇచ్చినట్టు రాశారు. ఇంట్లో మూడేళ్ల పాప ఉందన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, పెట్టవద్దు. పచ్చిమాంసంతో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే జబ్బు బాక్టీరియా కుక్క కడుపులోకి వెళ్లి, కుక్కకు ఏమీ కాకపోయినా మలం ద్వారా బయటికి వస్తాయి. అమెరికాలో 2016 నుంచి 2018 దాకా దుకాణాల్లో కొన్న కుక్కపిల్లల ద్వారా మనుషులకు సోకిన కాంపైలోబాక్టర్ చాలా మందులకు లొంగనిది. ఆరోగ్యమైన కుక్క మలాన్ని జబ్బు కుక్క పేగులోకి ఎక్కించే పద్ధతి నిజంగానే ఉంది, పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లల్లో అది విరేచనాలను త్వరగా తగ్గించిందని బ్రెజిల్‌లో జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. దాత కుక్కను అన్ని పరీక్షలూ చేసి ఎంచుకొని వైద్యుడు చేయవలసిన పని అది, ఇంట్లో చేసేది కాదు.

టీకాలు పూర్తికాని కుక్కపిల్ల అయినా, నల్లటి లేదా నెత్తుటి విరేచనాలైనా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లు పాలిపోయి ఎండినట్టున్నా పైన చెప్పినదంతా పక్కనపెట్టి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి.

మీ లాబ్రడార్ ఇప్పుడు బాగానే తింటూ ఆడుకుంటోందన్నారు గనుక ఈ వారం చేయవలసినది ఇది. మెట్రోనిడజోల్ ఆపేయండి, అది పరీక్షలో జియార్డియాను కూడా మరుగుపరుస్తుంది. శుభ్రమైన మూతడబ్బాల్లో, మట్టి అంటకుండా, మూడు వేరువేరు రోజుల ఉదయపు మలాన్ని తీసి, ఏ రోజుకారోజు గంట రెండు గంటల్లో ప్రయోగశాలకు చేర్చండి. పిల్లి నమూనాకు వేరే డబ్బా వాడి పేరు రాయండి. రెండింటి బరువూ ఈరోజు తూచి పెట్టుకోండి, రెండు వారాలకు మళ్లీ తూచండి. ఫలితాలతో పాటు ఆ నాలుగు అంకెలు, వంటగది కాగితంపై ఉన్నది ఉన్నట్టు నాకు రాస్తే, ఆహార పరీక్ష ఏ మాంసంతో మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.